ఈ నీళ్ళు ఎక్కడివి?

జైపూర్ అనగానే చాలామందికి రాజస్థాన్ గుర్తొస్తుంది. మన జైపూర్ మంచిర్యాల జిల్లాలో ఉంది, గోదావరికి దగ్గరగా, సింగరేణి బొగ్గు బాయిల నడుమ. ఆ మండలంలోని పెగడపల్లి దగ్గర సింగరేణి సంస్థ కట్టిన 1200 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రాన్ని 2016 ఆగస్టు 7న ప్రధానమంత్రి గజ్వేల్ సభ నుంచి జాతికి అంకితం చేశారు. 600 మెగావాట్ల యూనిట్లు రెండు. బొగ్గు సింగరేణిది, నీరు గోదావరిది. బొగ్గుతో నడిచేది కాబట్టి దాని కష్టసుఖాలన్నీ బొగ్గు చుట్టూనే తిరుగుతాయని అనుకుంటాం. కానీ థర్మల్ కేంద్రాలను ఉన్నపళంగా ఆపించే కారణాల్లో పెద్దపీట బాయిలర్ ట్యూబు లీకేజీదే. బొగ్గు వేగన్లు ఆలస్యమైతే పేపర్లో వస్తుంది. ట్యూబులో చీలిక వస్తే కంట్రోల్ రూమ్ వాళ్ళకూ, షిఫ్ట్ కెమిస్టుకూ, నాలుగు రోజులు నిద్ర కాచే మెయింటెనెన్స్ వాళ్ళకూ తప్ప ఎవరికీ తెలియదు. లీకేజీని పట్టుకోవడమంటే కారే చోటు వెతకడమేనని మామూలు ఊహ. పెంకుటింట్లో ఉన్నవాళ్ళను అడగండి: బొట్టు పడిన చోటికి సరిగ్గా పైన పెంకు పగిలి ఉండదు. వాన నీరు ఎక్కడో దూరి, వాసం వెంబడి జారి, ఇంకెక్కడో రాలుతుంది. యంత్రంలో ఆ వాసం కూడా కంటికి కనిపించదు. అందుకే వెతుకులాట చోటుతో మొదలుపెట్టకూడదంటాను. ఇది ఏ నీరు, ఎటు నుంచి ఎటు పోతోంది అన్న రెండు ప్రశ్నలు తేలాకే స్పానర్ చేతికి తీసుకోవాలి.

ఇలాంటి కేంద్రంలో రెండు నీళ్ళు పక్కపక్కనే తిరుగుతుంటాయి, ఒకదాన్నొకటి అంటకుండా. మొదటిది డీఎం వాటర్, అంటే లవణాలన్నీ తీసేసిన నీరు. అది బాయిలర్‌లో ఆవిరై, టర్బైన్‌ను తిప్పి, కండెన్సర్‌లో మళ్ళీ నీరై, పంపుల మీదుగా బాయిలర్‌కే చేరుతుంది. పూర్తి లోడు మీద 600 మెగావాట్ల యూనిట్‌లో గంటకు రమారమి రెండు వేల టన్నుల ఆవిరి ఇలా తిరుగుతుంది. రెండోది కూలింగ్ వాటర్, కూలింగ్ టవర్ల గుండా పోయే నది నీరు. ఈ నీరు పది డిగ్రీలు వేడెక్కుతుందనుకుంటే, కిలో ఆవిరిని చల్లార్చి నీరు చేయడానికి యాభై కిలోలకు పైగా కావాలి. టవర్‌లో కొంత నీరు గాలిలో కలిసిపోతుంది, దానిలోని ఉప్పు మాత్రం మిగిలిన నీటిలోనే ఉండిపోతుంది. కాబట్టి ఈ నీరు తిరిగినకొద్దీ నది నీటి కన్నా చిక్కబడుతుంది. ఈ రెండు నీళ్ళకూ అడ్డుగోడ కండెన్సర్ ట్యూబులు: వేలకు వేలు, ఒక్కొక్కటి పాతిక మిల్లీమీటర్ల వ్యాసం, మందం మిల్లీమీటరుకు అటూ ఇటూ. ట్యూబు లోపల కూలింగ్ వాటర్, బయట ఆవిరి. ఆ పలచటి గోడల్లో ఏ ఒక్కదానికి సూది మోపినంత చిల్లు పడినా రెండు నీళ్ళూ కలుస్తాయి.

చిల్లు పడితే ఏది దేనిలోకి పోతుంది? తేల్చేది పీడనం. ఇక్కడే చాలామంది తడబడతారు, ఎందుకంటే ఒకే యూనిట్‌లో రెండు లీకేజీలు రెండు ఎదురు దిక్కుల్లో నడుస్తాయి. బాయిలర్ డ్రమ్ములో పీడనం చదరపు సెంటీమీటరుకు 180 కిలోలకు పైమాటే, ట్యూబుల బయట ఉన్న కొలిమిలో మన బయటి గాలి కన్నా కాస్త తక్కువ. అక్కడ ట్యూబు చీలితే లోపలి నీరు ఆవిరై బయటికి తన్నుకొస్తుంది. కండెన్సర్‌లో ఇదంతా తిరగబడుతుంది. ఆవిరి వైపు దాదాపు వ్యాక్యూమ్, గాలి పీడనంలో పదో వంతు. ట్యూబు లోపల కూలింగ్ వాటర్ పంపు తోసిన నీరు. అక్కడ చిల్లు పడితే బయట ఒక్క చుక్క కారదు, నేల తడవదు, శబ్దం రాదు. మురికి నీరే శుభ్రమైన నీటిలోకి చొరబడుతుంది. కళ్ళతో వెతికేవాడు ఎన్నేళ్ళు వెతికినా దొరకని లీకేజీ ఇది. యంత్రాలను గీసే ఇంజనీర్లు కూడా ఈ దిక్కు సంగతి ముందే ఆలోచించి పెడతారు. ఈ తరహా పెద్ద జనరేటర్లలో స్టేటర్ వైండింగ్‌ను నీటితో, మిగతా భాగాన్ని హైడ్రోజన్‌తో చల్లబరుస్తారు. హైడ్రోజన్ పీడనాన్ని నీటి పీడనం కన్నా ఒక మెట్టు పైనే ఉంచుతారు. చిల్లు పడితే హైడ్రోజన్ నీటిలోకి పోవాలి గాని నీరు వైండింగ్ మీదికి రాకూడదు. నీటి ట్యాంకు పైన హైడ్రోజన్ కనిపించిందా, లీకేజీ ఉన్నట్టే. టర్బైన్ ఆయిల్ కూలర్లలోనూ నూనె పీడనమే ఎక్కువగా ఉంచడం మామూలు. లీకేజీ అసలు రాకుండా చూడటం వాళ్ళ చేతిలో లేదు. వస్తే ఎటు రావాలో మాత్రం ముందే రాసిపెట్టారు.

కండెన్సర్‌లో నీరు లోపలికే వస్తుంది కాబట్టి దాన్ని పట్టుకోవలసింది చూపుతో కాదు, కెమిస్ట్రీతో. ఎంత చిన్న చొరబాటు ఎంతగా బయటపడుతుందో ఒక లెక్క చూద్దాం. కూలింగ్ వాటర్‌లో లీటరుకు 100 మిల్లీగ్రాముల సోడియం ఉందనుకోండి. ఒక ట్యూబు గంటకు 100 లీటర్ల చొప్పున కారుతోంది. నిమిషానికి లీటరున్నర పైచిలుకు, ఇంట్లో సగం తిప్పిన కొళాయి ధార. అది గంటకు 1200 టన్నుల కండెన్సేట్‌లో కలుస్తోంది. అంత నీటిలో ఆ సోడియం వంద కోట్ల పాళ్ళకు ఎనిమిది పాళ్ళు పెరుగుతుంది. వినడానికి ఏమీ లేనట్టే ఉంది. కానీ మంచి రోజుల్లో కండెన్సేట్‌లో సోడియం ఐదు పాళ్ళ లోపే ఉంటుంది కాబట్టి ఆ ఎనిమిది పాళ్ళు మీటరు మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. మరో మెలిక ఉంది. నీరు ఇనుమును తినకుండా ఉండటానికి అందులో అమ్మోనియా కలుపుతారు. అమ్మోనియా కూడా విద్యుత్తును మోస్తుంది కాబట్టి ఊరికే కండక్టివిటీ కొలిస్తే చొరబడిన ఉప్పు ఆ రొదలో వినిపించదు. అందుకే శాంపిల్‌ను ముందు ఒక రెజిన్ గొట్టం గుండా పోనిచ్చి, అమ్మోనియాను పట్టేసి, ఆపైన కొలుస్తారు. దీన్ని క్యాటయాన్ కండక్టివిటీ అంటారు. రెజిన్ దాటాక ఉప్పులోని క్లోరైడు యాసిడ్‌గా మారి మరింత గట్టిగా పలుకుతుంది. షిఫ్ట్ కెమిస్టు గంటగంటకూ చూసే అంకె ఇదే.

అంకె పెరిగిందని చెప్పి వెంటనే కండెన్సర్ మీద నేరం మోపకూడదు. డీఎం ప్లాంటులో రెజిన్ అరిగిపోయినా సోడియం జారి వస్తుంది. ఆ నీరు మేకప్ వాటర్‌గా, అంటే తరిగిన నీటిని భర్తీ చేసే నీరుగా, కండెన్సర్‌కే చేరి అక్కడే మీటరును ఎగదోస్తుంది. శాంపిల్ పట్టే గొట్టం మురికిగా ఉన్నా అంతే. అందుచేత అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఏ మలుపు దాటాక నీరు పాడైంది? డీఎం ట్యాంకు దగ్గర శుభ్రంగా ఉండి, కండెన్సర్ అడుగున నీరు చేరే హాట్‌వెల్ దగ్గర పాడై, డ్రమ్ములో అంతకంత చిక్కబడి ఉంటే దొంగ కండెన్సర్‌లోనే ఉన్నాడు. ట్యాంకు దగ్గరే పాడై ఉంటే కండెన్సర్ జోలికి పోనక్కర్లేదు. హాట్‌వెల్‌లో కుడి ఎడమ శాంపిళ్ళు విడివిడిగా తీసే వీలుంటే ఏ సగంలో చిల్లు ఉందో కూడా తేలుతుంది. ఇంతవరకూ ఒక్క నట్టు కూడా విప్పలేదు. యూనిట్ నడుస్తూనే ఉంది. కానీ వేల ట్యూబుల్లో సగం అప్పుడే నిర్దోషులుగా తేలిపోయాయి.

ఇంత తతంగం ఎందుకు, యూనిట్ ఆపి విప్పి చూస్తే పోలేదా అని మెయింటెనెన్స్ వాళ్ళలో కొందరు అంటారు. చేతిపని మీద నమ్మకం ఉన్నవాళ్ళ మాట అది, తీసిపారేయలేం. కానీ ఆపేస్తే ఏం పోతుందో చూడాలి. కండెన్సర్‌లో వ్యాక్యూమ్ ఉన్నంతసేపే చిల్లు లోపలికి పీలుస్తుంది. యూనిట్ ఆగితే పీల్పు ఆగుతుంది, చిల్లు ఉలకదు పలకదు. అందుకే తెలిసినవాళ్ళు చేసే పని వేరు. లోడు తగ్గించి, కండెన్సర్‌లో ఒక సగానికి కూలింగ్ వాటర్ ఆపి, నీరు తీసేసి, రెండో సగం మీద యూనిట్‌ను నడుపుతూనే వాటర్ బాక్స్ మ్యాన్‌హోల్ తెరుస్తారు. లోపల గోడంతా తేనెపట్టులా ట్యూబుల నోళ్ళే. దాని మీద నురగ పూస్తారు, లేదా పలచటి ప్లాస్టిక్ కాగితం అంటిస్తారు. మంచి ట్యూబుల మీద నురగ కదలదు. చిల్లు పడిన ట్యూబు దగ్గర నురగ నెమ్మదిగా గుంటపడి లోపలికి లాక్కుపోతుంది, ఎందుకంటే అవతల వ్యాక్యూమ్ ఇంకా బతికే ఉంది. ఆ ట్యూబు రెండు కొసలా ప్లగ్గు కొట్టేస్తే పని అయిపోయినట్టే. నురగకు దొరకని సన్నటి చిల్లులకు హీలియం వాడతారు. ట్యూబుల దగ్గర హీలియం వదిలి, వ్యాక్యూమ్ పంపు వదిలే గాలిలో అది తేలుతుందేమో పరికరంతో చూస్తారు. ఈ పరీక్షలన్నీ దిక్కు తెలుసుకున్నవాడికే ఉపయోగపడతాయి. నీరు బయటికి వస్తుందనుకున్నవాడు తడి కోసం వెతుకుతూ కూర్చుంటాడు.

ఇదే దిక్కు జ్ఞానం మీద నడిచే మొరటు చిట్కా ఇంకొకటుంది: రంపపు పొట్టు. కూలింగ్ వాటర్‌లో రంపపు పొట్టు వదిలితే వ్యాక్యూమ్ దాన్ని చిల్లు వైపు లాగి అక్కడ ఇరికిస్తుంది. పొట్టు నానుతూ ఉబ్బి చిల్లును మూసేస్తుంది. మన లారీ డ్రైవర్లు కారుతున్న రేడియేటర్‌లో పసుపు పోస్తారు, అదీ ఇలాంటిదే. అక్కడ నీరు బయటికి తోసుకొస్తుంది కాబట్టి పసుపు లోపలి నుంచి పగులులో పడి బిగుసుకుంటుంది. ఇవి పని చేస్తాయి, అందులో సందేహం లేదు. వీటిని చూసి నవ్వే ఇంజనీర్లకు రాత్రిపూట మేడారం రోడ్డు మీద రేడియేటర్ కారిన అనుభవం లేదనుకోవాలి. అయితే చిట్కా పని చేసిందంటే లీకేజీ ఏమిటో తేలినట్టు కాదు. పసుపు ఆ పగులునే కాదు, రేడియేటర్‌లోని సన్న గొట్టాలను కూడా పూడుస్తుంది. ఇంజన్ వేడెక్కుతుంది, హెడ్ గ్యాస్కెట్ కాలుతుంది, అప్పుడు వచ్చే లీకేజీకి పసుపు పనికిరాదు. రంపపు పొట్టు కూడా యూనిట్‌ను లోడు తగ్గించే వేళ దాకా లాక్కురావడానికే. ట్యూబు ఎందుకు తూట్లు పడిందో అది చెప్పదు.

ఇక బాయిలర్ సంగతి. ఇక్కడ లీకేజీ బయటికి కాబట్టి పట్టడం తేలికనిపిస్తుంది. కానీ అది బయటికి వచ్చేది వెయ్యి డిగ్రీలు దాటిన కొలిమిలోకి. వచ్చిన ఆవిరి పొగతో కలిసి చిమ్నీ గుండా పోతుంది. మొదటి సాక్షి నీటి లెక్క. బాయిలర్‌లోకి పోయే నీటికీ బయటికి వచ్చే ఆవిరికీ తేడా చూస్తే సరిపోతుందనిపిస్తుంది. కానీ గంటకు రెండు వేల టన్నుల ప్రవాహాన్ని కొలిచే మీటరులో ఒక శాతం తేడా ఉంటే అదే ఇరవై టన్నులు. పది టన్నుల లీకేజీ ఆ తప్పులో మునిగిపోతుంది. రెండు పెద్ద అంకెల మధ్య చిన్న తేడాను ఎప్పుడూ నమ్మకూడదు. అదే డీఎం ట్యాంకు మట్టం చూడండి: గంటకు పది టన్నులంటే ఎనిమిది గంటల షిఫ్టులో ఎనభై టన్నులు. అది దాచినా దాగదు. రెండో సాక్షి ఐడీ ఫ్యాన్లు. కొలిమిలో ఆవిరి కలిసి పొగ పెరిగితే దాన్ని లాగే ఫ్యాన్ల మీద భారం పెరుగుతుంది, కరెంటు ఎక్కువ లాగుతాయి. మూడోది చెవి. పీప్ హోల్ దగ్గర నిలబడితే మామూలు కొలిమి హోరు పైన ఒక సన్నటి ఈల, ఆగకుండా. లీకేజీ ఎకనమైజర్‌లో (బాయిలర్‌కు పోయే నీటిని పొగ వేడితో కాచే చోట) అయితే కింద హాపర్‌లోని బూడిద తడిసి ముద్దకట్టి దిగనంటుంది. ఈ సాక్షుల్లో ప్రతి ఒక్కరూ అబద్ధం చెప్పగలరు. ఏదో డ్రెయిన్ వాల్వు సరిగా పట్టకపోయినా మేకప్ పెరుగుతుంది. ఎయిర్ హీటర్‌లో గాలి కారినా ఫ్యాన్లు భారంగా తిరుగుతాయి. ట్యూబుల మీది మసిని ఆవిరితో ఊదే సూట్ బ్లోయర్ వాల్వు ఆవిరి వదిలినా ఈల వినిపిస్తుంది. ముగ్గురూ ఒకే పూట ఒకే మాట చెబితే మాత్రం నమ్మాల్సిందే.

ఇప్పుడు దీనికంతా సెన్సార్లు ఉన్నాయి కదా అనొచ్చు. ఉన్నాయి. కొలిమి గోడల పొడవునా శబ్దం వినే పరికరాలు బిగించి, లీకేజీ ఈలను మామూలు హోరు నుంచి వేరుచేసి తెరమీద చూపే ఏర్పాటు పెద్ద బాయిలర్లలో ఇప్పుడు మామూలే. మనిషి చెవి కన్నా ముందే, రాత్రీ పగలూ వింటాయి, మంచిదే. కానీ అవి చెప్పేది ఎక్కడ శబ్దం ఎక్కువగా ఉందో మాత్రమే. ఆ చోటే తొలి గాయమని చెప్పలేవు. బాయిలర్‌లో చిక్కంతా ఇక్కడే. 170 కిలోల పీడనంతో దూసుకొచ్చే ఆవిరి పక్క ట్యూబును కోసేస్తుంది, అది చీలి మూడోదాన్ని కోస్తుంది. యూనిట్ ఆపి, చల్లార్చి, మనుషులు లోపలికి దిగేసరికి నాలుగైదు ట్యూబులు చీలి ఉంటాయి. అందరికన్నా పెద్దగా అరిచింది ఆఖరిది కావచ్చు. హైడ్రో టెస్టులో నీరు నింపి పీడనం పెంచితే అన్నీ చిమ్ముతాయి, ఏది ముందో చెప్పవు. పైగా కొన్ని సన్న పగుళ్ళు చల్లారాక మూసుకుపోయి టెస్టులో బుద్ధిమంతుల్లా కూర్చుంటాయి.

ముందు చీలినదాన్ని పట్టించేది గాయం తీరే. ఆవిరి ధార తగిలి పోయిన ట్యూబు బయటి నుంచి నున్నగా కోసుకుపోయి ఉంటుంది, కడిగినట్టు మెరుస్తుంది. తనంత తాను పోయిన ట్యూబులో కథ వేరే. పెదవులు కత్తి అంచులా పలచబడి నోరు తెరుచుకుంటే, లోపల నీరు అందక ఒక్కసారిగా వేడెక్కి ఉబ్బి చీలిందని అర్థం. పెదవులు మందంగానే ఉండి చీలిక బిరుసుగా ఉంటే, ఏళ్ళ తరబడి ఎక్కువ వేడికి లోహం అలసిపోయింది. ఒక పక్క చదునుగా అరిగిపోయి ఉంటే అది బూడిద పని. మన బొగ్గులో బూడిద పాలు ఎక్కువ, అందులో ఇసుకలాంటి క్వార్ట్జ్ ఉంటుంది, పొగతోపాటు అది ట్యూబులను ఉప్పుకాగితంలా రుద్దుతూనే ఉంటుంది. వీటన్నిటికన్నా భయపడాల్సిన గాయం ఇంకొకటి: ట్యూబు ఏమాత్రం ఉబ్బకుండా, పలచబడకుండా, చిన్న కిటికీ కోసినట్టు ఒక ముక్క ఊడిపడిపోతుంది. కొలిమి గోడగా నిలబడే నీటి ట్యూబుల్లో, అంటే వాటర్‌వాల్‌లో, లోపల పేరుకున్న పొర కింద క్లోరైడు చేరి యాసిడ్ తయారై, పుట్టిన హైడ్రోజన్ ఉక్కులోకి దూరి దాన్ని పెళుసు చేసిందన్నమాట. ఆ క్లోరైడు బాయిలర్‌లో ఎక్కడి నుంచి వచ్చింది? డీఎం నీటిలో లేదు, బొగ్గులోది నీటిలోకి రాదు. అది ఎప్పుడో నెలల కిందట కండెన్సర్‌లో చొరబడిన నది ఉప్పు. ఆవిరి వెళ్ళిపోతుంటే డ్రమ్ములో మిగిలి మిగిలి చిక్కబడింది. నిమిషానికి లీటరున్నర ధార ఇక్కడ తేలింది. తీగ లాగితే డొంక కదిలిందంటే ఇదే. చీలిన ట్యూబు కోసి కొత్తది వెల్డింగ్ చేసి యూనిట్ ఎక్కించేస్తే లీకేజీ ఆగుతుంది. వరసలో ఉన్న తక్కిన ట్యూబులు తమ వంతు కోసం చూస్తుంటాయి.

ఇదంతా ల్యాబొరేటరీ, కెమిస్టులు ఉన్న పెద్ద కేంద్రాలకే చెల్లుతుందనే అభ్యంతరం ఒకటి రావచ్చు. అదే జైపూర్ మండలంలో ఇందారం ఓసీ (ఓపెన్‌కాస్ట్ గని) ఉంది, పక్కనే శ్రీరాంపూర్ ఓసీ. అక్కడి డంపర్ల డీజిల్ ఇంజన్లకూ ఇదే సూత్రం వర్తిస్తుంది, పరికరం మాత్రం ఒక గాజు సీసా చాలు. ఇంజన్‌లో కూలెంటు, ఇంజన్ ఆయిల్ ఆయిల్ కూలర్‌లో పక్కపక్కనే తిరుగుతాయి. ఇంజన్ నడిచేటప్పుడు ఆయిల్ పీడనం ఎక్కువ, కాబట్టి చిల్లు ఉంటే ఆయిల్ రేడియేటర్‌లోకి వచ్చి పైన జిడ్డుగా తేలుతుంది. ఆపగానే ఆయిల్ పీడనం సున్నా అవుతుంది, వేడి కూలెంటు మాత్రం మూత బిగించిన రేడియేటర్‌లో ఇంకా ఒత్తిడితోనే ఉంటుంది. ఇక రాత్రంతా నీరు ఆయిల్‌లోకి దిగుతుంది. పొద్దున స్టార్ట్ చేయకముందే సంప్ డ్రెయిన్ ప్లగ్గు కొద్దిగా వదులు చేసి సీసాలో పట్టాలి. నీరు బరువు కాబట్టి ముందు నీరే వస్తుంది, ఆ తరువాతే ఆయిల్. ఒకసారి స్టార్ట్ చేశారంటే రెండూ చిలికి పాలలా అయిపోతాయి, అప్పుడు ఎంత నీరు, ఎప్పుడు దిగిందన్నది చెప్పలేం. డిసెంబరు చలిలో ఆయిల్ మూత కింద కాస్త తెల్లటి నురగ కనిపిస్తే మాత్రం కంగారు పడనక్కర్లేదు, అది గాలిలోని చెమ్మ. నీరు దిగింది హెడ్ గ్యాస్కెట్ నుంచా, లైనర్ చిల్లు నుంచా, కూలర్ నుంచా అన్నది తరువాతి మాట. రేడియేటర్‌లో బుడగలు వస్తున్నాయా, ఆ బుడగల్లో పొగ ఉందా అన్నది చూస్తే అందులో సగం తేలిపోతుంది. వాటర్ పంపు కింద చిన్న కన్నం నుంచి చుక్కలు కారుతుంటే దాన్ని ఎంసీల్‌తో పూడ్చకండి. సీలు పోయిందని చెప్పడానికే ఆ కన్నం పెట్టారు. మూసేస్తే నీరు బేరింగ్‌లోకి పోతుంది. పాత మెకానిక్కులు చుక్క నాలుక మీద వేసుకుని రుచి చూస్తారు. కూలెంటులో ఇథిలీన్ గ్లైకాల్ ఉంటుంది, తియ్యగా ఉంటుంది, విషం. ఆ అలవాటు మానుకోవాలి.

సముద్రం మీద ఈ చిక్కు మరింత ముదురుతుంది. పడవ లోపల బిగించే పెట్రోల్ ఇంజన్లు మన తీరంలో అరుదు, విశాఖ, కాకినాడ మరపడవలవి డీజిల్ ఇంజన్లే. అమెరికాలో సరదా పడవల్లో మాత్రం కార్ల ఇంజన్లనే మార్చి పెట్టిన పెట్రోల్ ఇంజన్లు కొల్లలు. మూసిన పడవలో ఎర్రగా కాలే సైలెన్సర్ పైపు అగ్నిప్రమాదం కాబట్టి ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ చుట్టూ కూడా నీరు తిప్పి, చివర ఆ నీటిని పొగలోనే కలిపి బయటికి వదులుతారు. ఆ మ్యానిఫోల్డ్ పోత ఇనుమును ఉప్పు నీరు కొన్నేళ్ళలో తినేస్తుంది. అప్పుడు నీరు ఎగ్జాస్ట్ దారిన వెనక్కి జారి, తెరిచి ఉన్న వాల్వు గుండా సిలిండర్‌లోకి దిగుతుంది. నీరు నొక్కితే కుదించుకోదు. ఆ స్థితిలో స్టార్టర్ నొక్కితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అందుకే ఆ మెకానిక్కులు ముందు స్పార్క్ ప్లగ్గులన్నీ తీసి, ఆ తరువాతే ఇంజన్ తిప్పుతారు. లోపల విడిగా కూలెంటు తిరిగే ఇంజన్ అయితే, ప్లగ్గు కన్నం నుంచి చిమ్మిన నీటిలో రెండు చుక్కల సిల్వర్ నైట్రేట్ వేస్తే తెల్లగా పెరుగులా విరిగిందా, సముద్రపు నీరే. వెతకాల్సింది మ్యానిఫోల్డ్ వైపు. విరగకపోతే లోపలి కూలెంటు అనుకోవాలి, హెడ్ గ్యాస్కెట్ వైపు చూడాలి. ఇంటర్మీడియెట్ ల్యాబులో పిల్లలు చేసే పరీక్షే అది.

ఏ నీరు అన్న ప్రశ్న ఈ బొగ్గు బెల్టుకు కొత్తది కాదు. బాయిలో పై కప్పు నుంచి రాలే చుక్క ఇసుకరాయిలోంచి ఊరే నీరా, పక్కనున్న పాత పనుల్లో నిండి నిలిచిన నీరా అన్నది ప్రాణాలకు సంబంధించిన విషయం. నీరు నిలిచిన పాత పనులకు 60 మీటర్ల లోపు పోవాలంటే అనుమతి ఉండాలని, ముందు బోర్లు వేసి చూసుకుంటూ పోవాలని గనుల నిబంధనలు ఊరికే పెట్టలేదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7ఎల్‌ఈపీ గనిలో నీరు ముంచెత్తి 17 మంది కార్మికులు చనిపోయారు. అక్కడ విప్పి చూద్దాం అనే మాటకు చోటే లేదు.

ఆఖరి అభ్యంతరం అన్నిటికన్నా బలమైనది. ఎండాకాలం సాయంత్రం, రాష్ట్రమంతా ఏసీలు తిరుగుతున్నాయి, 600 మెగావాట్ల యూనిట్ ఆపడం తేలిక కాదు. చిన్న లీకేజీతో నాలుగు రోజులు నడిపితే ఏమవుతుందని అడుగుతారు. ఆ ప్రశ్నకు ఒకే జవాబు లేదు, అన్ని లీకేజీలూ ఒక్కటి కావు కాబట్టి. కండెన్సర్‌లో సోడియం కొద్దిగా పెరిగితే బ్లోడౌన్ పెంచి (డ్రమ్ములోని చిక్కటి నీటిని కొంత వదిలేసి), ఫాస్ఫేటు మోతాదు చూసుకుంటూ, రాత్రి లోడు తగ్గే దాకా నడపొచ్చు, సగం వేరుచేసి ప్లగ్గు కొట్టొచ్చు. డ్రమ్ము నీటిలో పీహెచ్ పడిపోవడం మొదలైతే మాత్రం గంటలు లెక్కపెట్టకుండా ఆపాల్సిందే, ఎందుకంటే అప్పుడు యాసిడ్ వాటర్‌వాల్‌లో పని మొదలుపెట్టేసింది. బాయిలర్ ట్యూబు విషయంలో లెక్క మరోలా ఉంటుంది. మొదటి రోజు ఆపితే కోయాల్సింది ఒక్క ట్యూబు. నాలుగో రోజు ఆపితే చుట్టుపక్కలవి కూడా పోయి ఉంటాయి, మరమ్మతు రోజులు పెరుగుతాయి, పైగా తొలి గాయాన్ని తక్కిన గాయాలు చెరిపేసి ఉంటాయి. లోడు కోసం ఆపకుండా నడిపిన నాలుగు రోజులను మరమ్మతులో తిరిగి చెల్లించాలి. అందుకే ఆపాలా వద్దా అన్న నిర్ణయం లీకేజీ ఎంత పెద్దదన్న దాని మీద కాకుండా, ఏ నీరు ఎటు పోతోందన్న దాని మీద ఉండాలి. యూనిట్ ఆగాక ఇంకొక పని మిగులుతుంది. కోసిన ముక్కను తుక్కులో పడేయకుండా, దాని మీద ఎలివేషన్, ట్యూబు నంబరు, కొలిమి వైపు ఏదో సుద్దతో రాసి, ల్యాబుకు పంపే ముందు గత ఏడాది కండెన్సేట్ కండక్టివిటీ రిజిస్టరు తీసి పక్కన పెట్టుకోవాలి. కిటికీలా ఊడిన ట్యూబు దొరికి, రిజిస్టరులో ఎక్కడైనా రెండు మూడు రోజుల పాటు అంకె ఎగబాకి కనిపిస్తే, యూనిట్ మళ్ళీ ఎక్కించే ముందు ఆ వరసలోని మిగతా వాటర్‌వాల్ ట్యూబులను అల్ట్రాసోనిక్‌తో పరీక్షించడం తప్పదు.